కలబంద చేదెక్కిన ఎండాకాలం

ఒకప్పుడు కలబంద తియ్యగా ఉండేది. నవ్వకండి, నిజంగానే. లేత తాటిముంజెలో నీళ్ళుంటాయి చూడండి, అంత తియ్యగా. దాని ఆకులు ఇప్పటిలా లావుగా ఉండేవి కావు. జొన్నాకులా పలచగా, మెత్తగా ఉండేవి. అంచులకు ముళ్ళు లేవు. మేకపిల్లలు వచ్చి భయం లేకుండా నాకిపోయేవి. అన్ని మొక్కలకూ వేసినట్టే దానికీ దాహం వేసేది.

రాళ్ళు ఎక్కువ, వానలు తక్కువ ఉన్న ఒక ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఇంటి వసారాలో పగిలిన కుండల్లో మట్టి నింపి మొక్కలు పెంచుకునేది. ఒక కుండలో మల్లెతీగ, ఒక కుండలో మిరపమొక్క, ఇంకో కుండలో తమలపాకు తీగ, గోడవారగా కలబంద. అవన్నీ ఆమెను అక్కా అని పిలిచేవి.

ఓబులమ్మ చెడ్డదైతే ఈ కథ చెప్పడం నాకెంత తేలికయ్యేది! నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. కానీ ఆమె మంచి మనిషే. ఎక్కడో ఊరి చివరి బావినుంచి చంకన బిందె పెట్టుకుని నీళ్ళు తెచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు చుక్క కూడా పారబోయకుండా మొక్కలకు పోసేది. వేరుశనగ చెక్క నానబెట్టి ఆ నీళ్ళు కూడా తలా ఇంత పంచేది.

అయితే ఆమెకు ఒక అలవాటు ఉండేది. చెంబు పట్టుకుని వసారాలోకి రాగానే ఎవరి ఆకులు వాలిపోయాయా అని చూసేది. వాలినవాళ్ళకు ముందు పోసేది. నిటారుగా ఉన్నవాళ్ళకు మిగిలితే పోసేది.

ఈ సంగతి మల్లెతీగ ఇట్టే కనిపెట్టేసింది. బిందె చప్పుడు వినబడితే చాలు, కొమ్మలన్నీ వేలాడేసేది.

"అక్కా! చచ్చిపోతాండా అక్కా!"

"నిన్న సాయంత్రమే గదే కడుపునిండా తాగినావు!"

"అది నిన్న గదక్కా!"

ఓబులమ్మ నవ్వేసి పోసేది. నాకు మాత్రం ఈ మల్లెతీగను తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పూలు బాగుంటాయి కాబట్టి ఏమీ అనలేం.

ఒక ఏడు ఎండాకాలం తొందరగా వచ్చేసింది. బావిలో నీళ్ళు తగ్గాయి. ఓబులమ్మ చెంబులో నీళ్ళు అందరికీ సరిపోని రోజు ఒకటి వచ్చింది. మల్లెతీగ గోల పెడుతోంది. ఓబులమ్మ అటూ ఇటూ చూసింది. అప్పుడు కలబందే ముందుగా నోరు విప్పింది.

"దానికే పొయ్యక్కా. నేను సాయంత్రం తాగుతాలే."

"నా బంగారు తల్లీ!" అంది ఓబులమ్మ. కలబంద ఆకు నిమిరింది. "ఈ వసారాలో బుద్ధి ఉన్నది నీకొక్కదానికేనే."

ఆ మాట కలబందకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ రోజంతా అదే తలుచుకుంది. సాయంత్రమైంది. ఓబులమ్మ మరిచిపోయింది. కలబంద గుర్తుచెయ్యలేదు. బుద్ధిమంతురాలు అనిపించుకుని మళ్ళీ నీళ్ళకోసం అరిస్తే బాగుంటుందా అనుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

రానురాను ఓబులమ్మకు అదే అలవాటైపోయింది. చెంబు మల్లెతీగ దగ్గర మొదలై, మిరపమొక్క మీదుగా తమలపాకు దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయ్యేది. కలబందను చూసి "దానికేంలే, అది ఓర్చుకుంటుంది" అనుకుని లోపలికి పోయేది. చెక్క నీళ్ళూ అట్లాగే అయిపోయేవి. ఇరుగుపొరుగు వాళ్ళతో మాత్రం గొప్పగా చెప్పుకునేది, మా కలబంద అంత మంచిది లేదని.

మిరపమొక్కకు నోరు ఘాటు, మనసు మంచిది. అది ఉండబట్టలేక అంది.

"ఏమే కలబందా, నీకు నోరు లేదా? గట్టిగా అరిచి అడుగు. నీ వంతు నువ్వు అడిగితే తప్పేముండాది?"

"పాపం, అక్క అంత దూరం నుంచి మోసుకొస్తాంది గదా. ఎట్లా అడిగేది?" అంది కలబంద.

అప్పటికే దాని పక్కన మూడు పిలకలు లేచాయి. చిటికెన వేలంత ఉన్న పిలకలు. వాటికి దాహం ఓర్చుకోవడం ఏం తెలుస్తుంది? పుట్టినప్పటినుంచీ అమ్మ ఆకులు పట్టుకుని ఏడ్చేవి.

"అమ్మా, నీళ్ళు."

కలబంద తన పెద్ద ఆకుల్లో ఉన్న తడిని లోపలికి లాక్కుని పిలకలకు పట్టేది. బయటి ఆకులు ఒక్కొక్కటే కొసలనుంచి ఎండిపోయాయి. అవి గోడవైపు ఉన్నాయి కాబట్టి ఓబులమ్మకు కనబడలేదు. ముందువైపు ఆకులు మాత్రం నిటారుగా, పచ్చగా ఉండేవి.

"అమ్మా, మల్లె అత్తలాగా మనమూ అరుద్దామా?" అని అడిగింది అన్నిటికన్నా చిన్న పిలక.

"తప్పు. అక్క బాధపడతాది. మనం అరవగూడదు."

ఇదుగో, ఇక్కడ నాకు కలబంద మీద కూడా కోపం వస్తుంది. తను ఊరుకుంటే ఊరుకుంది, పిల్లకు కూడా అదే నేర్పాలా? ఆ చిన్నది అమ్మ మాట విని నోరు మూసుకుంది.

నడి ఎండాకాలం వచ్చింది. బావిలో బురద తేలింది. ఓబులమ్మ తెల్లారగట్ల పోయి, ఎండెక్కాక ఒక్క బిందెతో తిరిగొచ్చేది. అందులోంచే వంట, అందులోంచే తాగడం, అందులోంచే మొక్కలకు. ఒక పొద్దున కలబంద తన చిన్న పిలకను తట్టింది. అది పలకలేదు. ఆకుల కొసలు ముడుచుకుపోయి ఉన్నాయి.

కలబందకు భయం వేసింది. ఇవ్వడానికి తన దగ్గర తడి మిగల్లేదు. ఓబులమ్మ చెంబుతో వసారాలోకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కలబంద నోరు తెరిచి అడిగింది.

"అక్కా, ఒక్క గుక్కెడు నీళ్ళు పొయ్యక్కా. నాక్కాదు, నా చిన్నదానికి."

ఓబులమ్మ ఎండలో నడిచొచ్చి చెమటలు కక్కుతోంది. విసుగ్గా ఉంది.

"నువ్వు గూడా మొదలుపెట్టినావా తల్లీ! నీకేమైందే, నిగనిగలాడుతాండావు! ఆ మల్లె చూడు, ఎట్లా సోలిపోయిందో. నువ్వన్నా అర్థం చేసుకుంటావనుకుంటినే!"

"నిజంగానే అక్కా. ఒక్కసారి వంగి చూడు."

"రేపు పోస్తాలే. నీకు తప్పకుండా రేపు." చెంబు మల్లెతీగ మీద ఒంపేసి ఓబులమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మల్లెతీగ ఆ నీళ్ళు గటగటా తాగేసింది. మిరపమొక్క ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నం వడగాలి వసారాలోకి దూరింది. "నేనేం చేసేది, నా పుట్టుకే ఇట్లాంటిది" అని గొణుక్కుంటూ అందరి మీదుగా పోయింది. అది పోయేసరికి చిన్న పిలక ఎండు చితుకైపోయింది.

కలబందకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడిస్తే ఉన్న నాలుగు చుక్కలూ పోతాయి. ఇంకా రెండు పిలకలున్నాయి. అందుకని ఏడుపంతా మింగేసింది. గొంతు దిగిన ఏడుపు ఎక్కడికి పోతుంది? పచ్చటి జిగురుగా మారి ఆకుల తొక్క కింద పేరుకుంది. ఆ జిగురు ఎంత చేదంటే, అలవాటుగా నాకడానికి వచ్చిన మేకపిల్ల తూ అని ఉమ్మేసి పరుగెత్తింది.

"ఇంక నేను ఎవరి చెంబు వంకా చూడను" అనుకుంది కలబంద.

ఆ రోజునుంచి పొద్దున్నే పడే కాస్త చల్లదనాన్నే ఒడిసిపట్టింది. దొరికిన తడిని దొరికినట్టు ఆకుల్లో దాచింది. ఆకులు లావెక్కాయి. దాచుకున్నది ఎవరూ తాకకుండా అంచులకు ముళ్ళు మొలిపించుకుంది. వేళ్ళను చిన్నవి చేసుకుంది. అట్లా ఆ రెండు పిలకలనూ బతికించుకుంది.

చివరికి వాన పడింది. బావి నిండింది. ఓబులమ్మ సంతోషంగా కుండల్లో మట్టి గుల్ల చేస్తూ కలబంద దగ్గరికి వచ్చి, కిందికి వంగింది. ఎండిపోయిన చిన్న పిలక చేతికి తగిలింది. గోడవైపు ఎండిన ఆకులన్నీ అప్పుడు కనబడ్డాయి.

"అయ్యో, ఇదేందే! నాతో ఒక్క మాట చెప్పగూడదా?"

"చెప్పినా గదక్కా."

ఓబులమ్మకు తను రేపు పోస్తానన్నది గుర్తొచ్చింది. ఆ రేపు ఏమైందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాటినుంచి చూడాలి ఆమె హడావిడి! పొద్దున మొదటి చెంబు కలబందకు. సాయంత్రం మొదటి చెంబు కలబందకు. బియ్యం కడిగిన నీళ్ళు దానికే, చెక్క నీళ్ళు దానికే. మేకపెంట తెచ్చి మొదలంతా కప్పింది. మల్లెతీగ కుళ్ళుకుంటూ చూసింది.

"వద్దక్కా" అంది కలబంద. "నాకు తాగే అలవాటు పోయింది. నా వేళ్ళు అన్ని నీళ్ళు మొయ్యలేవు."

"ఇంకా కోపమేనా నా మీద? తాగమ్మా, నా తల్లి గదూ. నువ్వు తాగితేనే నాకు మనశ్శాంతి."

చూశారా! అప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినలేదు. అప్పుడు మల్లెతీగ కోసం, ఇప్పుడు తన మనశ్శాంతి కోసం. కుండలో మట్టి బురదైంది. కలబంద వేళ్ళు కుళ్ళడం మొదలైంది. మొదలు మెత్తబడి, ఆకులు పసుపుపచ్చగా మారాయి. ఆకులు వాలిపోతుంటే, అలవాటు ప్రకారం ఓబులమ్మ దాహమనుకుని ఇంకో చెంబు పోసింది.

మిరపమొక్క ఇంక ఊరుకోలేకపోయింది.

"ఓబులమ్మక్కా! చెంబు కింద పెట్టు! అది ఏమి చెప్తాందో ఒక్కసారన్నా విను!"

ఓబులమ్మ ఉలిక్కిపడి చెంబు పెట్టేసింది. కలబంద ముందు కూర్చుంది.

"చెప్పు తల్లీ. ఏం చెయ్యమంటావు?"

"నన్ను ఈ మట్టిలోంచి తీసెయ్యక్కా. నీ చెంబు అందని చోట పెట్టు. నా ఇద్దరు పిల్లలన్నా బతుకుతారు."

ఓబులమ్మ కలబందను పెరికింది. కుళ్ళిన వేళ్ళు తుంచేసింది. రెండు పిలకలూ తల్లిని కరుచుకునే ఉన్నాయి. చెంబు అందని చోటు ఇంట్లో ఎక్కడుందా అని చూసింది. చివరికి వాకిలి పైన, ద్వారబంధానికి తాడుతో తలకిందులుగా కట్టింది. మట్టి లేదు, నీళ్ళు లేవు. అయినా కొన్నాళ్ళకు దాని ఆకులు మళ్ళీ పచ్చబడ్డాయి. పిలకలు కోలుకున్నాయి.

ఓబులమ్మ కింద నిలబడి తలెత్తి అడిగింది.

"నన్ను మన్నించినావా?"

కలబంద పైనుంచే బదులిచ్చింది.

"నీ వాకిలికి కాపలా ఉంటానక్కా. ఏ చెడ్డ చూపూ లోపలికి రానియ్యను. తియ్యగా ఉండమని మాత్రం అడగొద్దు. అది నాతో కాదు."

ఓబులమ్మ కళ్ళు తుడుచుకుని ఖాళీ బిందె ఎత్తుకుంది.

అప్పటినుంచే కలబంద చేదు. అప్పటినుంచే దానికి ముళ్ళు, లావు ఆకులు. ముద్దుచేసి రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళి చస్తుంది, మట్టి బాగా ఎండాక కాసిని పోసి వదిలేస్తే బతుకుతుంది. ఈనాటికీ మన వాకిళ్ళకు దాన్ని దిష్టికని కట్టుకుంటాం. నిండు బిందెలతో దాని కిందినుంచే లోపలికి పోతూ ఉంటాం. అది చూస్తూనే ఉంటుంది, ఒక్క చుక్క కూడా అడగదు.