భానుభట్టుగారి సీమంతం

కోనదుర్గం ఏలే వీరగోపరాజుకు ఆ ఏడు పరిశోధనల పిచ్చి పట్టుకుంది. నిరుటేడు పొట్టేళ్ల పందేల పిచ్చి. దానికన్నా ఇందులో ఖర్చు తక్కువని మంత్రులు ఊరుకున్నారు. ఒక్క గ్రంథంలో ఎక్కువ శాస్త్రాలు ఇమిడ్చిన పండితుడి కాలికి గండపెండేరం తొడుగుతానని రాజు చాటింపు వేయించాడు.

భానుభట్టు అనే పండితుడు ఏకంగా మూడు శాస్త్రాలు కలిపి రాసుకొచ్చాడు. మొదటి భాగం ధర్మంగా సంపాదించడం ఎలాగో చెబుతుంది. రెండోది అడవి మూలికల గుణాలు. మూడోది గర్భిణులకు వచ్చే గుండెజబ్బు. ఈ మూడింటికీ పొత్తేమిటని అడిగే ధైర్యం సభలో ఎవరికీ లేకపోయింది. అడిగితే మళ్లీ మొదటినుంచీ చదువుతాడని భయం.

మూడో భాగం చెవిన పడగానే రాజుకు ప్రాణం లేచొచ్చింది. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆయన కూతురు మల్లాంబికకు ఏడో నెల. గుండె బలహీనం. మంచం దిగవద్దని రాజవైద్యుడు గట్టిగా చెప్పాడు.

భానుభట్టు ఆ వైద్యాన్ని తీసిపారేశాడు. తన మూలికల లేహ్యం ఒక్క ముద్ద తింటే కొండైనా గడపతో సమానమన్నాడు. రేపు కొండమీది అమ్మవారి గుడిలో సీమంతం పెట్టించమనీ, యువరాణి మెట్లన్నీ తన కాళ్లతోనే ఎక్కుతుందనీ, ఆ శుభవేళ తనకు గండపెండేరం తొడగవచ్చనీ సెలవిచ్చాడు. రాజు సరేనన్నాడు.

రాజు పక్కన తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడే కూచనకు పై ప్రాణాలు పైనే పోయాయి. మల్లాంబికను చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించినవాడు అతను. నిన్ననే ఆ పిల్ల కిటికీ దాకా నడిచి, గోడ పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడటం కళ్లారా చూశాడు. కొండెక్కితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. కానీ కూతురు బాగుపడుతుందన్న ఆశలో ఉన్న తండ్రికి, వద్దన్నవాడు శత్రువులా కనబడతాడు.

అందుకని కూచన భట్టుకు తాంబూలం అందిస్తూ, ఈ లేహ్యం ఇంతకుముందు ఏ గర్భిణికైనా ఇచ్చి చూశారా అని వినయంగా అడిగాడు. శాస్త్రంలో ఉన్నదానికి పరీక్షలెందుకని భట్టు విసుక్కున్నాడు.

"నిజమే స్వామీ. తమ మొదటి భాగంలోని సూత్రం ఎంతో బాగుంది. మరొక్కసారి సెలవిస్తారా?"

భట్టు పొంగిపోయాడు. "ఒక పనివల్ల లాభం ఎవరిదో, అందులోని కష్టం ముందుగా వాడే పడి చూడాలి. తర్వాతే ఇంకొకరిని పడమనాలి. అదే ధర్మం."

"రాజుకైనా పండితుడికైనా ఇదే ధర్మమా?"

"అందరికీ ఒక్కటే."

"అయితే గండపెండేరం తమకే కదా. ముందు తమరు ఎక్కి చూపించండి."

కొండెక్కడమెంత పని అంటూ భట్టు లేహ్యం ముద్ద మింగి లేచాడు. కూచన వంటశాల నుంచి బియ్యం మూట తెప్పించి, యువరాణి మోస్తున్న బరువు తమరూ మోయాలి కదా అంటూ పొట్టకు కట్టాడు. ఆమెకు ఊపిరి సగమే అందుతోంది కదా అంటూ భట్టు ఉత్తరీయాన్నే మడతపెట్టి ముక్కూ నోరూ కలిపి చుట్టాడు. భట్టు దిక్కుతోచక రాజు వంక చూశాడు. రాజు అప్పటికే హుషారుగా చెప్పులు తొడుక్కుంటున్నాడు. నిండుసభలో తన సూత్రాన్ని తానే కాదనలేక పండితుడు బయల్దేరాడు.

మొదట్లో శ్లోకం చదువుతూ ఎక్కాడు. కాసేపటికి శ్లోకం ఆగింది. ఆ తర్వాత మెట్ల పక్క గోడ పట్టుకున్నాడు. సగం దారిలో ఉన్న మండపం చేరకముందే మెట్టుమీద కూలబడి, ముఖానికున్న గుడ్డ లాగేసి, పల్లకీ తెప్పించమని గగ్గోలు పెట్టాడు.

"పల్లకీ ఎందుకు స్వామీ? ఇంకో ముద్ద లేహ్యం వేసుకోండి."

వెంట వచ్చినవాళ్లంతా గొల్లుమన్నారు. రాజు నవ్వబోయి ఆగిపోయాడు. రొప్పుతున్న భట్టును చూస్తుంటే, అదే మెట్టుమీద కూతురు కూలబడినట్టు అనిపించింది. సీమంతం అమ్మాయి మంచం దగ్గరే జరుగుతుందనీ, అమ్మవారి కుంకుమే కొండ దిగి వస్తుందనీ అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. రాజవైద్యుడి మాట దాటి ఎవరూ యువరాణికి ఏ మందూ పెట్టకూడదన్నాడు. ఆ పైన గండపెండేరం తెప్పించి, వద్దు వద్దంటున్నా వినకుండా కూచన కాలికి తొడిగాడు.

భట్టు ఇంకా మెట్టుమీదే ఉన్నాడు. ఈ మూట ఎవరైనా విప్పండి నాయనా అని బతిమాలాడు.

కూచన వంగి ముడి ఇంకాస్త బిగించాడు.

"అప్పుడే ఎలా స్వామీ? ఇంకా రెండు నెలలుంది."

ఈసారి రాజు కూడా మెట్లమీదే కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు.