రొట్టె విరిచే ముందు

నతానియేలుకు ఒక దిగులు పట్టుకుంది. ఆదివారం ఆరాధనలో తన పాఠానికి చోటు చాలటం లేదు.

వేదాంత కళాశాలలో చదువు ముగించి, జీవరత్నం అయ్యగారి దగ్గర పరిచర్య నేర్చుకోవటానికి కృష్ణ ఒడ్డునున్న ఆ ఊరికి వచ్చి ఏడాది దాటింది. ఊళ్లో అందరూ అతన్ని చినయ్యగారు అంటారు. మంచి చురుకైనవాడు. లేఖనాన్ని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడు. ఇది పొగడ్త కాదు, నిజమే. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ప్రవక్తల పేర్లు గడగడా చెప్పేస్తున్నారంటే అదంతా అతని సాయంత్రపు తరగతి చలవే.

చిక్కల్లా ఆదివారంతోనే. రెండో గంట కొట్టాక పాటలు, ప్రార్థనలు, కీర్తన ఒకరు చదివితే అందరూ బదులు చదవటం, మోకాళ్లూనటం, మళ్లీ పాట. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం ఉన్న ఆదివారమైతే మరీను. ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. రొట్టె విరిచే ముందు అందరూ లేచి, మగవాళ్లు మగవాళ్ల వైపు, ఆడవాళ్లు ఆడవాళ్ల వైపు తిరిగి, చేతులు జోడించి, "నావల్ల తప్పుంటే క్షమించు" అని ఒకరినొకరు అడుగుతారు. అడిగించుకున్నవాళ్లు కూడా తిరిగి అదే మాట అడగాలి. గుడంతా అలా తిరిగేసరికి, అంతకుముందు నతానియేలు చెప్పిన పాఠం కాస్తా చల్లారిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అయ్యగారి దగ్గర ఆ మాట ఎత్తాడు.

"అయ్యగారూ, ఆ క్షమాపణలు తీసేద్దామండీ. తోడికోడళ్లు గుళ్లో దణ్ణాలు పెట్టుకుంటారు, గుమ్మం దాటగానే జుట్లు పట్టుకుంటారు. ఊరికే అలవాటుకొద్దీ చేస్తున్నారు. ఆ సమయం నాకిప్పించండి. క్షమించటమంటే ఏమిటో వాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను."

అయ్యగారు కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటున్నారు. ఆయన చదవని రోజంటూ లేదు. జ్వరమొచ్చినా పుస్తకం పొట్టమీద పెట్టుకునే పడుకునే మనిషి. అటువంటాయనకు చదువు విలువ తెలియదని అనటానికి ఎవరికీ నోరు రాదు.

"చెప్పగలవు. నువ్వు చెబితే బాగుంటుంది కూడా" అన్నారు. అని మళ్లీ పుస్తకంలో పడ్డారు. అవునన్నారో కాదన్నారో నతానియేలుకు అంతుపట్టలేదు.

ఆ నెలలోనే బాప్తిస్మపు పరీక్ష వచ్చింది. బాప్తిస్మం కోరినవాళ్లను గుడి అరుగు మీద సంఘపెద్దల ముందు కూర్చోబెట్టి, నేర్చుకున్నవి అడుగుతారు. తప్పినవాళ్లు మరుసటి ఏడు దాకా ఆగాలి. అయ్యగారు పక్క ఊళ్లో చనిపోయిన ఒకాయన భూస్థాపనకు వెళ్లవలసి రావటంతో అడిగే పని నతానియేలు మీద పడింది. తన దగ్గర చదువుకున్నవాళ్లు ఎంత గట్టివాళ్లో పెద్దలకు చూపించాలని అతనికి ఒకటే ఉబలాటం.

పోలయ్య వంతు వచ్చేదాకా అంతా సాఫీగానే నడిచింది. పోలయ్య ఏట్లో చేపలు పట్టుకుని బతికేవాడు. అతని భార్య నాగమ్మ కిందటేడే బాప్తిస్మం తీసుకుంది. తనూ తీసుకోవాలని అతను ఎంత ఆశపడ్డాడంటే, పొద్దువాలి వేటకు పోవలసినవాడు వల ఇంట్లో పడేసి తరగతికి వచ్చి కూర్చునేవాడు. పది ఆజ్ఞలు చెప్పమంటే పదీ చెప్పాడు. వరస మాత్రం తప్పింది. మళ్లీ చెప్పమంటే ఇంకోలా తప్పింది.

"పోన్లెండి చినయ్యగారూ, పదీ వచ్చాయిగా" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

ఆ మాటకు నతానియేలు మొహం మాడిపోయింది. తన తరగతికే మచ్చ పడ్డట్టనిపించింది.

"ఏం పోలయ్యా, నీకంటే నీ వలలో చేపలే నయం. అవైనా కాస్త వరసలో ఉంటాయి" అన్నాడు. "వచ్చే ఏడు చూద్దాంలే."

అరుగు మీద అందరూ గొల్లుమన్నారు. పోలయ్యా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. కాని ఆ పూట నతానియేలుకు తన నోరు జారిందనే తెలియలేదు. మాట భలే కుదిరిందనుకున్నాడు.

ఆదివారం గుడి కిటకిటలాడిపోయింది. బాప్తిస్మం పొందేవాళ్లు తెల్లబట్టలతో ముందు చాప మీద కూర్చున్నారు. నతానియేలు పాఠం చెప్పాడు, బాగా చెప్పాడు. ఆ తర్వాత క్షమాపణల వేళ వచ్చింది. జనం లేచి ఒకరివైపు ఒకరు తిరిగారు. జీవరత్నం అయ్యగారు రొట్టె పెట్టిన బల్ల దగ్గర్నుంచి దిగి వచ్చారు. సంఘంలోకి కొత్తగా వచ్చేవాళ్లను ముందుగా తనే క్షమాపణ అడగటం ఆయన పద్ధతి. ఆ వయసులో, ఆ నడుంనొప్పితో, ఒక్కొక్కరి ముందూ వంగి చేతులు జోడిస్తుంటే చూసేవాళ్లకు గుండె కరిగేది.

చాప చివరికంటా వచ్చి ఆగారు.

"పోలయ్య ఏడి?"

"పరీక్ష తప్పాడండీ" అన్నాడు నతానియేలు, గొంతు తగ్గించి.

"తప్పితే బాప్తిస్మం ఆగుతుంది. గుడికి రావటం ఎందుకాగింది?"

ఆడవాళ్లలోంచి నాగమ్మ తలమీద కొంగు సర్దుకుంటూ లేచింది.

"ఇంక రాడంటండి అయ్యగారూ. ఎప్పటికీ రాడంట. రేవుకాడ మావాళ్లంతా 'ఏరా పోలిగా, చేపలు వరసలో ఉన్నాయంటరా' అని ఒకటే నవ్వులాట. అరుగుమీద చినయ్యగారన్న మాటేనండి అది. నేను కుట్టించిన తెల్లచొక్కా పెట్టె అడుక్కి తోసేశాడు." ఇంకేదో చెప్పబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

అయ్యగారు బల్ల వైపు చూశారు. రొట్టె మీద గుడ్డ కప్పే ఉంది. ఆయన నిలువుటంగీ విప్పి మడిచి కుర్చీలో పెట్టారు.

"మీరు పాడుతూ ఉండండి. మేం వస్తాం" అని పెద్దలకు చెప్పి, గుమ్మం దాటి చెప్పులు తొడుక్కున్నారు.

మేం అన్నారు గనక నతానియేలు వెనకే పరుగెత్తాడు. బయట ఎండ మండిపోతోంది.

"అయ్యగారూ, రేపు నేనెళ్లి మాట్లాడతానండీ. సంస్కారం మధ్యలో ఇలా వదిలేసి వస్తే జనం ఏమనుకుంటారు?"

అయ్యగారు చేతికర్ర ఊనుకుంటూ ఏటివైపే నడిచారు. గుళ్లో పాట వెనకపడింది. నతానియేలుకు అప్పుడు భయం మొదలైంది. తనను చీవాట్లు పెడతారని కాదు. పెట్టకపోతే ఎలాగా అని.

పోలయ్య రేవులో పడవ నీడన కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. వచ్చేది ఎవరో చూసి గాభరాగా లేచాడు.

అయ్యగారు ఆయాసం తీర్చుకున్నారు. కర్ర ఇసకలో పడేసి, రెండు చేతులూ జోడించి వంగారు.

"పోలయ్యా, నావల్ల తప్పు జరిగింది. క్షమించు."

"అయ్యో, తమరేం చేశారయ్యా! ఆ రోజు తమరు ఊళ్లోనే లేరు."

"వీడు నా దగ్గర నేర్చుకున్నవాడు" అన్నారు అయ్యగారు. వంచిన నడుం ఎత్తలేదు.

నతానియేలు ఆ వంగిన వీపును చూశాడు. క్షమాపణ గురించి గంటసేపు గుక్కతిప్పుకోకుండా చెప్పగల నోరు పిడచగట్టుకుపోయింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి అయ్యగారి పక్కన నిలబడ్డాడు.

"పోలయ్యా, పెద్దల ముందు గొప్పకోసం ఆ మాటన్నాను. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. నన్ను క్షమించు."

పోలయ్య చేతిలో ఉన్న వల కొసను మెలిపెడుతూ నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు. అతను వెనక్కి తిరిగి వెళ్లిపోతే ఏం చేయాలో నతానియేలు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మావాళ్లనూ ఏమీ అనలేనండి చినయ్యగారూ" అన్నాడు చివరికి. "మాట బాగుంది, అందుకే నవ్వుతున్నారు. ఇంకో నాలుగేళ్లు నవ్వుతారు."

"అవును" అన్నాడు నతానియేలు.

పోలయ్య వల కింద పెట్టాడు. తడిచేతులు పంచెకు తుడుచుకుని జోడించాడు.

"నేనూ తమర్ని నానా తిట్లూ తిట్టుకున్నానండి. ఏటి ఒడ్డున కూర్చుని శాపనార్థాలు పెట్టాను. నావల్లా తప్పుంది. మీరూ క్షమించాలి."

నతానియేలు కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. అయ్యగారు అప్పుడు నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డారు. నతానియేలు కర్ర తీసి చేతికిచ్చాడు.

"ఈ పూట బాప్తిస్మం తీసుకుంటావా?" అని అడిగారు అయ్యగారు.

"నాకింకా వరస రాలేదండి."

"చినయ్యగారు చెబుతారు. రేపు సాయంత్రం నుంచి మళ్లీ తరగతికి రా. నేర్చుకోవటం మాత్రం మానకూడదు."

పోలయ్య ఇంటికి పరుగెత్తి, మొహం కడుక్కుని, పెట్టె అడుగునున్న చొక్కా వేసుకుని వచ్చాడు. చొక్కా నిండా ముడతలే. ముగ్గురూ బయల్దేరారు.

గుడి దగ్గరపడేకొద్దీ పాట వినిపించింది. పెద్దలకు వచ్చిన పాటలన్నీ అయిపోయినట్టున్నాయి, మొదట పాడిందే మళ్లీ అందుకున్నారు. గొంతులు అలిసిపోయినా ఎవరూ ఇంటికి పోలేదు. నాగమ్మ గుమ్మంలో నిలబడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దారి చూస్తోంది. మొగుణ్ని చూసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లి తన చోట కూర్చుంది.

మెట్ల దగ్గర నతానియేలు అయ్యగారి చెయ్యి పట్టుకున్నాడు.

"క్షమాపణల దగ్గర ఆపి వచ్చాం గదండీ. అక్కణ్నుంచే మొదలుపెడదామా, మళ్లీ మొదట్నుంచా?"

అయ్యగారు చెప్పులు విడిచి ఒక మెట్టు ఎక్కారు.

"మనం ఆపిందెప్పుడురా?" అన్నారు.