మొవ్వాకు టోపీ

కూర్మయ్య గురువును ప్రశ్న అడగడమంటే కాళ్లకు పని చెప్పుకోవడమే. ఆయన జవాబు చెప్పరు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కుతారు. అది తెలిసీ శిష్యుడు తవిటయ్య ఒకనాడు ఊరుకోలేక అడిగాడు: "గురువుగారూ, అడవిలో దొరికింది ఎప్పుడు మనదవుతుంది? కోసినప్పుడా, వాడినప్పుడా?"

"రేపు కొండెక్కుదాం. టోపీ అల్లుకో," అన్నారు గురువు.

ఆయన ఆశ్రమంలో ఎవరి టోపీ వాళ్లే అల్లుకోవాలి. భుజాల దాకా నీడపడేలా వెడల్పంచు ఉన్న తాటాకు టోపీ. పాతబడితే మట్టిలో కలిసిపోతుంది. దానికోసం ఏ చెట్టూ చావనక్కర్లేదు. ఒక చెట్టు నుంచి ఒక్క ముదురాకే తీసుకోవాలి, చెట్టు నడినెత్తిన ఇంకా విప్పుకోని మొవ్వు అనే లేతాకు జోలికి పోకూడదు. తాడికి ప్రాణం అక్కడే ఉంటుంది. ఇదంతా తవిటయ్యకు తెలియక కాదు. కానీ ముదురాకు టోపీ గరుకుగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. మొవ్వాకు మీగడ రంగులో ఉండి, ఎలా వంచితే అలా వంగుతుంది. నలుగురి టోపీల్లో తనదే మెరవాలన్న కోరిక అతణ్ణి పట్టుకుంది. చేతికందే లేత తాడిని ఒకదాన్ని చూసుకుని, మొవ్వును మొదలంటా కోసేశాడు. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, లేరని నిమ్మళించాడు.

మర్నాడు గురువు టోపీ అంచును వేలితో తడిమి, "బాగా కుదిరింది," అని మాత్రం అన్నారు. తవిటయ్య మురిసిపోయాడు.

కొండదారి సగంలో గాలి పూర్తిగా ఆగిపోయింది. అయినా తలమీద ఏదో కిర్రుమని కదిలింది. తవిటయ్య పట్టించుకోలేదు. కాసేపటికి కాళ్ల దగ్గర తన నీడ చూసి ఆగిపోయాడు. సూర్యుడు నడినెత్తికి వస్తుంటే నీడ కురచ కావాలి. గురువు నీడ అలాగే ఆయన పాదాల్లోకి ముడుచుకుంటోంది. తన నీడ మాత్రం వెడల్పవుతోంది. చెట్టుమీద విప్పుకోవలసిన ఆకు తన తలమీద విప్పుకుంటోందని అర్థమైంది.

అంచు కనుబొమల మీదికి దిగింది, తర్వాత ముక్కు మీదికి దిగింది. మిట్టమధ్యాహ్నం వేళ అతని ముఖం చుట్టూ పచ్చివాసన నిండిన చీకటి. దారికి ఒకపక్క కొండ గోడ, ఒకపక్క లోయ. ఎటు ఏది ఉందో ఇప్పుడు తెలియడం లేదు. టోపీని రెండు చేతులా పట్టి లాగాడు. తన నెత్తినే వేళ్లతో సహా పెకలిస్తున్నట్టు నొప్పి పుట్టి, కెవ్వుమన్నాడు.

"గురువుగారూ! ఏమీ కనబడ్డం లేదు. అడుగు తప్పితే లోయలో పడిపోతాను!"

"నీదే కదా నాయనా, తీసెయ్యడానికేటి?"

"రావడం లేదు బాబూ! ఇది నాది కాదు... మొవ్వు కోసేశాను, తప్పయిపోయింది!"

గురువు తిట్టలేదు. చేతికర్ర కొస అతని చేతికిచ్చి వెనక్కి తిరిగారు. ఆ కర్ర పట్టుకుని, రాయి రాయినీ కాలితో తడుముకుంటూ, ఏడుస్తూ, తవిటయ్య దిగి వచ్చాడు. కోసిన తాడి దగ్గరికి రాగానే టోపీ దానంతటదే జారి చెట్టు మొదట్లో పడింది. చూస్తే ఉదయం ఎంత ఉందో అంతే ఉంది.

వెలుతురు కళ్లబడగానే అతనికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. తలెత్తి చూస్తే తాడి నిండా ఆకులు, ఒక్కటైనా వాడలేదు. తవిటయ్య సంతోషం పట్టలేక అన్నాడు: "పచ్చగానే ఉంది గురువుగారూ! ఏమీ కాలేదు. బతుకుతుంది కదా?"

గురువు ఆ చెట్టును, నిద్రపోతున్న పిల్లను నిమిరినట్టు, చప్పుడు కాకుండా నిమిరారు. గొంతు బాగా తగ్గించి అన్నారు:

"మెల్లగా మాట్లాడు. చచ్చిపోయిన సంగతి దానికింకా తెలీదు. తెలిసే వేళకి నువ్వు పక్కనుండు."