చిలకమ్మి తవ్వుకోల

అనగా అనగా, అడవికి కంచెలు లేని కాలంలో, గోదారి పక్క కొండల మీద ఒక గూడెం ఉండేది. ఆ గూడెంలో కోసమ్మ అనే ముసలమ్మ ఉండేది. పొలం లేదు, మంద లేదు. ఒక పాక, ఒక కత్తి, ఒక తవ్వుకోల. అంతే ఆమె ఆస్తి.

తవ్వుకోల అంటే అడవి దుంపలు తవ్వుకునే కర్ర. చండ్ర కర్రను చెక్కి, మొనను నిప్పుల్లో కాల్చి గట్టి చేస్తారు. అది పిల్ల భుజం ఎత్తుకు సరిపోవాలి. పొడుగైతే చెయ్యి నొస్తుంది, పొట్టిదైతే నడుం నొస్తుంది.

ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ పిల్లకైనా తవ్వుకోల సొంత అవ్వ చేతి మీదుగానే రావాలి. అవ్వ పనిలో అమ్మ కూడా చెయ్యి పెట్టదు. కోల ఇచ్చిన రోజునే అవ్వ పిల్లను గుట్ట మీదికి తీసుకుపోతుంది. దుంప తవ్విస్తుంది. దుంప తలను కోయించి, తీగతో పాటు మళ్లీ గుంటలో పెట్టించి మట్టి కప్పిస్తుంది. "తల మట్టికి, ఒళ్లు మనకి" అని పిల్ల చేత అనిపిస్తుంది. తల మట్టిలో ఉంటేనే వానలకు మళ్లీ దుంప ఊరుతుంది.

కోసమ్మకు ఒక్కతే కూతురు. ఆ కూతురికి ఒక్కతే పిల్ల, చిలకమ్మి. ఇంకా నడక రాని పిల్ల. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. కింద పల్లం నుంచి బండ్లు వచ్చాయి. "కాలవ తవ్వే పనుంది. కడుపు నిండా గంజి పోస్తాం" అన్నారు బండ్లవాళ్లు. కోసమ్మ కూతురూ అల్లుడూ చిలకమ్మిని ఎత్తుకుని బండెక్కారు.

"వానలు పడగానే వచ్చేస్తామమ్మా. పిల్లకి కోల చెక్కి ఉంచు" అంది కూతురు.

వానలు పడ్డాయి. వాళ్లు రాలేదు.

కరువు తీసుకుపోయిందంటారు కొందరు. కరువుకి బండ్లుంటాయా? కరువు ఎడ్లను తోలుతుందా? మనుషులే తీసుకుపోయారు. తీసుకుపోయినవాళ్లు తిరిగి తెచ్చి దింపలేదు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఈ మాట మింగెయ్యకూడదు.

కోసమ్మ చిన్న కోల చెక్కి పాక గోడకు ఆనించింది. మరుసటి వానలకు, పిల్ల ఎదిగి ఉంటుంది కదా అని, ఇంకొంచెం పొడుగుది చెక్కింది. ఆ మరుసటి వానలకు ఇంకొంచెం పొడుగుది. ఎంత ఎదిగిందో ఎలా తెలుస్తుంది? చిలకమ్మి పుట్టిన వానల్లోనే పక్క పాకలో నూకి పుట్టింది. ఏటా కోసమ్మ నూకిని గుమ్మంలో నిలబెట్టి, భుజం దగ్గర కర్ర మీద గాటు పెట్టేది. పెట్టి, ఇంక పొమ్మనేది.

ఆ కరువులోనే గూడెంలోని మిగతా ముసలమ్మలంతా పోయారు. ఉన్న గంజి పిల్లలకు పోసి తాము ఆకలితో చనిపోయారు. నూకికి అవ్వ లేదు. ఏ పిల్లకూ అవ్వ లేదు.

ఒక ఏడు పిల్లలంతా వచ్చారు. "అవ్వా, మాకు కోలలివ్వవా?"

"అవి మీవి కావు. చిలకమ్మివి."

మరో ఏడు వచ్చారు. "అవ్వా, ఊరికే పడున్నాయి కదా. ఒక్కటివ్వు, అందరం పంచుకుంటాం."

"అవి మీవి కావు. చిలకమ్మివి."

మూడోసారి నూకి ఒక్కతే వచ్చింది. "ఏటా నన్ను కొలుస్తావు. నా భుజం కావాలి గానీ నేనొద్దా?"

"నోరు చూడు దీనిది! పోవే. అవి నీవి కావు. చిలకమ్మివి."

ఆ ఏడు తొలకరి పడ్డాక కోసమ్మ గుట్ట ఎక్కింది. తీగల్లేవు. ఎటు చూసినా గుంటలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్క గుంటలోనూ తల లేదు. ఆమె గూడెం మధ్యకొచ్చి నిలబడి అరిచింది.

"గుట్ట మీద తవ్విందెవరు?"

"నేనే" అంది నూకి. "వీళ్లూ తవ్వారు. వట్టి పుల్లల్తో తవ్వాం. వేళ్లు చీరుకుపోయాయి, చూడు."

"తలలేమయ్యాయే?"

"తినేశాం."

"తల తింటారటే ఎవరైనా? మరుసటేడు ఏం తింటారు, మన్నా?"

"తినకూడదని మాకెవరు చెప్పారు? చెప్పే అవ్వ మాకెక్కడుంది? మిగిలిందే ఒక్క అవ్వ. ఆ అవ్వ కూడా ఇక్కడ లేని పిల్లకే అవ్వ!"

కోసమ్మ వెనక్కి తిరిగింది. పాకలోకి పోయి కోలల ముందు కూర్చుంది. ఒక్కొక్కదాన్నీ తడిమింది. రేపు చిలకమ్మి వస్తుంది. కోల ఉంటుంది. తవ్వుకోవడానికి తీగ ఉండదు. అప్పుడా పిల్ల ఏం తింటుంది?

తెల్లవారగానే పిల్లల్ని పిలిచింది. పొట్టి పిల్లకు పొట్టి కోల. నడిమి పిల్లకు నడిమి కోల. ఒక్కో కోల ఒక్కో భుజానికి సరిపోయింది. చివరికి అన్నిటికంటే పొడుగుది మిగిలింది, నూకి మిగిలింది. కోసమ్మ ఇవ్వబోయింది. చెయ్యి వదల్లేదు.

నూకి ఆ చెయ్యి వంక చూసింది. "అది చిలకమ్మికే ఉంచు అవ్వా. నాకు ఇంకోటి చెక్కు. కొలిచే పని కూడా లేదుగా!"

కోసమ్మ నవ్వింది. బండ్లు వెళ్లాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ రోజే పిల్లల్ని దూరపు గుట్టకు తీసుకుపోయింది. అక్కడ దుంపలు తవ్వించి, కొన్ని తలలు తెప్పించి, తమ గుట్ట మీది ఖాళీ గుంటల్లో పెట్టించింది. తల పెట్టిన ప్రతిసారీ పిల్లలు "తల మట్టికి, ఒళ్లు మనకి" అన్నారు. ఆమె పల్లం వైపు తిరిగి మెల్లగా ఇంకో మాట అనుకుంది. తనలో తనే అనుకుంది గానీ, పిల్లల చెవులు కదా, విన్నాయి.

తీగలు తిరిగొచ్చాయి. చిలకమ్మి రాలేదు. కోసమ్మ ఎదురుచూస్తూనే కన్నుమూసింది. నూకి ఆ పొడుగు కోలను తీసుకుపోయి, పల్లం దారి కొండెక్కే చోట బండరాయికి ఆనించింది.

ఇప్పుడు ఆ కొండల్లో కోల సొంత అవ్వే ఇవ్వాలని లేదు. ఏ ముసలమ్మ అయినా ఏ పిల్లకైనా ఇస్తుంది. చెక్కినప్పుడల్లా రెండు చెక్కుతుంది. ఒకటి ఎదురుగా ఉన్న పిల్లకు, ఒకటి బండరాయి దగ్గరికి. పల్లానికి పోయింది చిలకమ్మి ఒక్కతేనా! అందుకే అక్కడ అన్ని ఎత్తుల కోలలూ ఉంటాయి. ఎంత చలి వణికించినా వాటిని పొయ్యిలో పెట్టరు. ఎండకు పగిలితే కొత్తవి పెడతారు.

దుంప తల మట్టిలో పెట్టాక పిల్లలంతా లేచి నిలబడతారు. చేతులు దులుపుకుని పల్లం వైపు తిరుగుతారు. కోసమ్మ మెల్లగా అన్న మాటను, కింది కాలవల దాకా వినపడేట్టు గొంతెత్తి అరుస్తారు.

"చిలకమ్మీ! నీ వాటా ఉంది, రా!"