రుచి చూస్తే మూడు నెలలు

సౌమ్యనామ సంవత్సరం, వైశాఖ మాసం. గంధవరం కోటలో గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. రాజు గోవిందభూపతి ఒళ్ళంతా గంధం పూయించుకుని, వట్టివేళ్ళ తడికల చాటున సభ తీర్చారు. పక్కనే తాంబూలం పెట్టె పట్టుకుని గవరయ్య నిలబడ్డాడు. రాజుగారికి తమలపాకులు చుట్టి ఇవ్వడం అతని పని. నోరు పండేది రాజుగారికి, నోరు ఆడేది గవరయ్యకి అని కోటలో అనుకునేవారు.

అప్పుడు వంటమనిషి అచ్చమ్మ వచ్చి దండం పెట్టింది.

"బాబయ్యా, నేను కొలువు మానేస్తాను. ఏటి అవతల సత్రంలో వంటశాల నా చేతికిస్తామన్నారు. పున్నమిలోపు వెళ్ళకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు."

రాజుగారి గుండె జారిపోయింది. ఎక్కడో పెళ్ళిలో ఆవిడ పెట్టిన ఆవకాయ తిని, ఈ ఏడు కోట ఆవకాయ ఆవిడ చేతి మీదుగానే జరగాలని ఏరికోరి పిలిపించుకున్నారు మరి.

"ఇక్కడ నీకేం తక్కువైందమ్మా?"

"తక్కువేం లేదు బాబయ్యా, ఎక్కువే. పప్పులో ఉప్పు నేనొకసారి వేస్తాను, దండపాణి పంతులుగారు ఇంకోసారి వేస్తారు."

దండపాణి పంతులు కోట పెత్తందారు. కొలువులో చేరాలన్నా, మానాలన్నా ఆయన తల ఊపాల్సిందే. కండువా సర్దుకుని ముందుకొచ్చాడు.

"కుదరదు ప్రభూ. మానేవాళ్ళు మూడు నెలల ముందు చెప్పాలి. అది కోట కట్టుబాటు. ఇప్పుడు చెప్పింది కాబట్టి, మూడు నెలలు పనిచేసి వెళ్ళమనండి."

గవరయ్యకి ఒళ్ళు మండింది. ఆ కోటలో కొత్తగా చేరినవాళ్ళది చూపు కొలువు. పని చూసి, నచ్చితే, రాజుగారు తన చేత్తో తాంబూలం ఇస్తారు. అప్పుడే కొలువు ఖాయం. అచ్చమ్మకి రావలసిన తాంబూలం ఇంకా తన పెట్టెలోంచి కదలనేలేదు.

"పంతులుగారూ, ఆవిడది చూపు కొలువే కదా. రేపు ఆవిడ వంట మీకు నచ్చకపోతే?"

"ఆ పూటే పొమ్మంటాను. చూపు కొలువు కదా!"

"మరి ఆవిడకి మీరు నచ్చకపోతే?"

"మూడు నెలలు ఉండాలి. కట్టుబాటు కదా!"

"అంటే తలుపు మీరు తోస్తే తెరుచుకుంటుంది, ఆవిడ తోస్తే తెరుచుకోదన్నమాట."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆకులు చుట్టేవాడివి, నీకు కట్టుబాట్లెందుకోయ్!" అని పంతులు కసిరాడు.

అచ్చమ్మ మొహం చిన్నబోయింది. రాజుగారు విసనకర్ర విసురుకున్నారు.

"ఈ ఉక్కలో నాకీ తగువేమిటి? గవరయ్యా, రేపు మధ్యాహ్నంలోగా పంతులు తన నోటితోనే ఆవిడని వెళ్ళమనాలి. అనిపించావా, నా ఉంగరం నీది. లేదా, ఆవిడతోపాటు నువ్వూ మూడు నెలలు వంటింట్లో కట్టెలు కొట్టాలి."

పంతులు నోట ఆ మాట రానే రాదని రాజుగారి ధీమా. కళ్ళ ముందు ఆవకాయ జాడీలు వరసగా కనిపిస్తున్నాయి.

ఆ సాయంత్రం గవరయ్య బజారుకు పోయి, పళ్ళు అమ్మే ముత్యాలు చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు ముత్యాలు మామిడిపళ్ళ గంప తెచ్చి సభలో దించాడు. కోటలోకి ఏ పండు వచ్చినా మొదటి ముక్క పంతులుగారే రుచి చూడాలి. అది ఆయన ముచ్చట. దర్జాగా ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి, చెవులు కదిలాయి.

"థూ! పళ్ళు పులిసిపోయాయిరా! తీసుకుపో."

"తీసుకుపోవడమేంటి బాబూ?" ముత్యాలు ఇంకో ముక్క కోశాడు. "రుచి చూశారు కదా. ఇంక మూడు నెలలు పూటపూటా ఇవే తినాలి. మా బజారు కట్టుబాటు. నోరు తెరవండి."

పంతులు రాజుగారి వైపు చూశాడు. రాజుగారు మీసాల చాటున నవ్వుకుంటున్నారు.

"కట్టుబాటంటున్నాడుగా పంతులూ. తిను."

రెండో ముక్క ఎలాగో మింగాడు. మూడోది పెదాలకు తగిలేసరికి ఎగిరి లేచాడు.

"కట్టుబాటూ లేదు, గాడిదగుడ్డూ లేదు! రుచి చూస్తే కొన్నట్టా? నచ్చితే ఉంచుకోవడానికి, నచ్చకపోతే వదిలెయ్యడానికే కదా చూడటం! చూపులో ఉన్నంతసేపు ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు!"

"ఎవరైనానా పంతులుగారూ?" అని గవరయ్య మెల్లగా అడిగాడు.

"ఎవరైనా! ఈ క్షణాన!"

గవరయ్య వంటింటి తలుపు వైపు తిరిగాడు. అక్కడ అచ్చమ్మ మూట చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"అచ్చమ్మగారూ, పంతులుగారు సెలవిచ్చారు. బయల్దేరండి."

పంతులు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ముత్యాలు అదే అదనుగా మూడో ముక్క అందులో పెట్టేశాడు.

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వుతూ ఉంగరం తీసి గవరయ్య చేతిలో పెట్టారు.

"వెళ్ళే ఆడమనిషిని వట్టిచేతులతో పంపకూడదు. తాంబూలం తియ్యరా."

గవరయ్య పెట్టె తెరిచాడు. రాజుగారు ఆకులూ వక్కా అందించబోయేసరికి అచ్చమ్మ గబుక్కున వెనక్కి జరిగింది.

"వద్దు బాబయ్యా! అది పుచ్చుకుంటే ఖాయమైపోతాను. మళ్ళీ మూడు నెలలు!"

సభ ఘొల్లుమంది. రాజుగారు ఆకులు తన నోట్లోనే వేసుకుని, ఆవిడకి పట్టుచీర ఇప్పించి, తన పడవలోనే ఏరు దాటించారు.

ఆ ఏడు గంధవరం కోటలో ఆవకాయ లేదు.