పేరిశాస్త్రి జాబితాలో లేనిది

నాలో ఒక మంచి గుణం ఉంది. నాకు తెలియని సంగతి ఎవరైనా అడిగితే ఉత్త చేతులతో పంపను. ఏదో ఒకటి చెప్పే పంపుతాను. జ్ఞానదానంలో పిసినారితనం నాకు పడదు. అందుకే రాజవైద్యుడు పేరిశాస్త్రి అంటే నాకు ఆదినుంచీ అభిమానం.

ఆయన్ని పోషించిన రాజు రణమల్లుడు. ఓ రోజు సుష్టుగా భోంచేసి సభకొచ్చి, పొట్ట నిమురుకుంటూ అడిగాడు.

"ఈ ఒళ్ళు వేటితో తయారైంది? చీమైనా ఏనుగైనా, ప్రాణమున్న దేహానికి కావలసిన సరుకులన్నీ చెప్పినవాడికి మామిడితోట ఇస్తా."

పేరిశాస్త్రి లేచాడు. గొంతు సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది.

"మూడే ప్రభూ! పిండి, కొవ్వు, మాంససారం. పిండి సత్తువిస్తుంది, కొవ్వు ఆ సత్తువని దాస్తుంది, మాంససారం ఒంటిని నిలబెడుతుంది. నాలుగోది ఉందన్నవాడు మూర్ఖుడు!"

సభంతా చప్పట్లు. రాజుగారి నేతగాడు మార్కండయ్య మాత్రం కిసుక్కుమన్నాడు.

"ఏమిట్రా ఆ నవ్వు?" అన్నాడు శాస్త్రి.

"ఏం లేదు శాస్త్రిగారూ. ఆ మూడూ మా మగ్గం మీదే ఉన్నాయి. పడుగు దారాలకి పెట్టే గంజి పిండే. దానిమీద పూసే నూనె కొవ్వే. పట్టు చూస్తే పురుగు ఒంట్లోంచి వచ్చిన సారం. ముప్ఫై ఏళ్ళయింది, మా మగ్గం ఒక్క దూడనైనా ఈనలేదు."

శాస్త్రి ముఖం జేవురించింది. "ప్రభూ! శాస్త్రాన్ని వెక్కిరించినవాణ్ణి ఊళ్ళో ఉంచకూడదు!"

రాజుకి భోజనం ఇంకా అరగలేదు. ఆలోచించే ఓపిక లేక సరేననేశాడు.

"మార్కండయ్యా, రేపు పొద్దుగుంకేలోగా శాస్త్రిగారి మాట తప్పని చూపించు. లేదా మగ్గం విప్పుకుని రాజ్యం దాటు."

"అలాగే ప్రభూ. మహారాణిగారికి నేసే హంసల చీర జానెడు ఇక్కడే నేస్తాను. సరుకులు మాత్రం శాస్త్రిగారే ఇప్పించాలి, వారి జాబితా ప్రకారం."

మర్నాడు సభలోనే మగ్గం వేశారు. శాస్త్రి గంజి, నూనె, పట్టు స్వయంగా తూచి ఇచ్చాడు.

"ఇంకేమైనా కావాలేమిట్రా?"

"తమరే చెప్పాలి."

"మూడు చాలు!"

సాయంత్రానికి జానెడు బట్ట దిగింది. నున్నగా ఉంది. తళతళ మెరుస్తోంది. హంసలే లేవు.

"ఏమయ్యా, హంసలేవీ?" అన్నాడు రాజు.

"నేనూ వాటికోసమే చూస్తున్నాను ప్రభూ. గంజి సరిపోయింది, నూనె సరిపోయింది, పట్టు మేలురకం. ఎందుకో మరి, అవి రాలేదు."

శాస్త్రి ఎగిరి గంతేశాడు.

"మోసం ప్రభూ! నేతగాళ్ళ వీధి పక్కన పుట్టినవాణ్ణి, నాకా టోకరా? మగ్గం పైన ముడుల దారం కట్టలేదు వీడు! ఏ పోగు లేపాలో, ఏ పోగు దించాలో ఆ ముడుల్లోనే ఉంటుంది. అది లేకుండా ఎంత గంజి పోస్తే మాత్రం హంస వస్తుందట్రా, వెధవా!"

మార్కండయ్య వినయంగా చేతులు జోడించాడు.

"మరి ఆవు కడుపులో దూడకి ముడుల దారం అక్కర్లేదా శాస్త్రిగారూ?"

శాస్త్రి వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. నాలుగో వేలు మడవబోయి ఆగిపోయాడు. ముందు రాజు నవ్వాడు, పొట్ట పట్టుకుని మరీ. ఇక నవ్వొచ్చునని మిగతావాళ్ళకి అప్పుడు తెలిసింది.

"జవాబు శాస్త్రిగారి నోట్లోంచే వచ్చింది," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "తోట మాత్రం దాన్ని బయటికి లాగినవాడిది!"

ఇప్పటి బడి పుస్తకాల్లో ఆ మూడింటినీ పిండి పదార్థాలు, కొవ్వులు, ప్రోటీన్లు అంటున్నారు. నాలుగోది న్యూక్లిక్ ఆమ్లం. అదీ దారంలాగే ఉంటుందట. హంస హంసగా, దూడ దూడగా పుట్టేది అందులోని రాతవల్లేనట. పేర్లన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఆ రాతని ఒంట్లో ఎవరు, ఎలా చదువుతారో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.