నూకాలు మడమలు

ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను, నా సంగతి మీకు తెలుసు కదా.

మీ తాతకి తాత ఉయ్యాల్లో ఉన్ననాడు, సముద్రం ఒడ్డున ఉప్పుమడులు ఉండేవి. ఆ మడుల్లో ఉప్పు గీసేవాళ్లకి కుండతో మంచినీళ్లు మోసే ముసలిది ఒకత్తి ఉండేది. పేరు నూకాలు. నా అన్నవాళ్లు ఎవరూ లేరు పాపం.

ఆ ఏడు ఉప్పు విరగపండింది. ఏం లాభం? అందరి మడమలూ నెర్రెలు విచ్చాయి. ఉప్పునీళ్లలో కాలు పెడితే ప్రాణం పోయినంత మంట! కాలు పెట్టకుండా ఉప్పెలా గీస్తారు? పైగా తూర్పున మబ్బు పట్టింది. వాన పడిందా, ఏడాది కష్టం ఒక్క పూటలో కరిగిపోతుంది. పిల్లలకి గంజి కూడా ఉండదు.

"ఉండండర్రా, నేను సూస్తాను," అంది నూకాలు.

ముందు నువ్వులనూనె రాసింది. మడిలో దిగారో లేదో, నూనె కాస్తా నీళ్లమీద తేలిపోయింది.

"నీ కాళ్లకీ రాసుకో, నూకాలత్తా," అన్నాడు మేస్త్రీ సన్యాసి.

"ముందు మీరు నడవండి. నాకేటి తొందర?"

తరవాత వెన్న రాసింది. ఓలమ్మో, నవ్వకండి! ఊళ్లో కుక్కలన్నీ కాళ్లు నాకడానికి ఎగబడ్డాయి. ఆడా మగా గట్లమీద ఒకటే పరుగు!

"నువ్వూ కాస్త రాసుకో, అత్తా," అన్నాడు సన్యాసి, కుక్కని అదిలిస్తూ.

"ముందు మీరు నడవండి. నాకేటి తొందర?"

ఆ తరవాత తేనెపట్టు మైనం కరిగించి పూసింది. నాలుగడుగులకే అప్పడంలా విరిగి రాలిపోయింది. అప్పటికి మబ్బు నెత్తిమీదికి వచ్చేసింది. ఉరుము కూడా ఉరిమింది!

నూకాలుకి ఒళ్లు మండిపోయింది. "ఒక్కొక్కరూ పనికిరారేటి? ముగ్గురూ కలిసి రండి!" అని నూనె, వెన్న, మైనం ఒకే కుండలో పోసి కాచింది. దించి, చల్లారేదాకా కవ్వం ఆపకుండా చిలికింది. మీగడలాంటి ముద్ద తేలింది!

మోకాళ్లమీద కూర్చుని అందరి మడమలకీ అదిమి అదిమి రాసింది. దిగారు! మంట లేదు! కుక్కలూ రాలేదు! గీశారు, మోశారు, కుప్పలు పోశారు, తాటాకులు కప్పారు. ఆఖరి ఆకు వేశారో లేదో, ఫెళఫెళా వాన! తడుస్తూ ఎగిరారు, గంతులేశారు.

"అత్తా, ఇకనైనా నీ కాళ్లకి రాసుకో!" అని అరిచాడు సన్యాసి.

"ముందు మీరు నడవండి. నాకేటి తొందర?"

అప్పటికి కుండ ఖాళీ.

అలా ఎన్నేళ్లో రాసింది. ఒకనాడు కన్నుమూసింది. స్నానం చేయించబోతే కనపడ్డాయి ఆమె మడమలు. వేలు దూరేంత నెర్రెలు.

సన్యాసి ఆ కాళ్లమీద పడి బావురుమన్నాడు. "రాసుకో రాసుకో అన్నానే గానీ, ఒక్కసారైనా వంగి రాశానా, అత్తా!"

ఆ ముద్ద తెచ్చి ఊరంతా, ఒకరి తరవాత ఒకరు, ఆ మడమలకి రాశారు. అదే మొదలు.

ఇప్పటికీ ఆ మడుల్లో ఎవరి కాళ్లకి వాళ్లు రాసుకోరు. పక్కవాడు వంగి రాయాల్సిందే, మేస్త్రీ అయినా సరే. నీళ్లకుండ మోసుకొచ్చే మనిషికి మాత్రం అందరికంటే ముందు రాస్తారు. ఆమె వద్దంటే వినరు.

"ముందు నువ్వు నడువు," అంటారు.